విసెరా (శవం లోపలి అవయవాల ముక్కల) రిపోర్టు ఇంకా రాలేదు: మాత్రలతో పోయినవాళ్ల పోస్టుమార్టంలో అసలేం చూస్తారు?

హంద్రి_ఒడ్డు, కర్నూలు

అందరికీ నమస్కారం. మా మేనమామ కొడుకు, ఇరవై నాలుగేళ్లవాడు, సి.క్యాంపు వైపు గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుకుంటూ ఉండేవాడు. మొన్న వేసవిలో ఆ గదిలోనే చనిపోయాడు. లోపలి గడియ వేసుంది. ఇంటి ఓనరు తలుపు తీయించేసరికి ఒకరోజు పైనే అయింది. మంచం కింద ఖాళీ మాత్రల షీట్లు దొరికాయి. పోలీసులు అనుమానాస్పద మృతి అని కేసు కట్టారు, పోస్టుమార్టం అయింది, దహనం కూడా అయిపోయింది. మా చేతిలో ఉన్న కాగితంలో మాత్రం "రసాయన పరీక్ష నివేదిక అందేవరకు అభిప్రాయం నిలిపి ఉంచడమైనది" అని ఒక్క ముక్కే ఉంది. నెలలు గడుస్తున్నాయి. ఒక పేపరోళ్లు అప్పుడే "మత్తుకు బానిసై యువకుడి మృతి" అని వేసేశారు. డాక్టరు చెప్పలేనిది వాళ్లకెట్లా తెలిసిందో!

కోసి చూశాక కూడా కారణం ఎందుకు చెప్పలేరు? ఇంత ఆలస్యం దేనికి? ఏమీ దొరకలేదని వస్తే ఏమనుకోవాలి? మామ బీమా కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాడు. అత్తయితే వాడికి గుండెపోటే అంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

నిజం_నిప్పు, ఆదోని

షీట్లు దొరికాయంటే ఇంకేం పరీక్ష కావాలబ్బా? మాత్రలు మింగాడు, పోయాడు. దానికి ల్యాబు, రిపోర్టు, నెలలు... ప్రజల డబ్బు దండగ.

పాత_ప్రొఫెసర్, కర్నూలు

నిప్పు గారూ, ఖాళీ షీటు చెప్పేది ఒక్కటే, ఆ గదిలో ఎప్పుడో ఆ మాత్రలు ఉండేవని. ఎవరు మింగారు, ఎప్పుడు మింగారు, మింగినవాడు వాటితోనే పోయాడా, ఇవేవీ షీటు చెప్పదు. ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠం చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

హంద్రి బాబూ, మీ మొదటి ప్రశ్న. ఉరి, కత్తిపోటు, రోడ్డు ప్రమాదం అయితే శరీరం మీదే సాక్ష్యం ఉంటుంది. మత్తుమందు చావులో అలా ఉండదు. ట్రమడాల్ లాంటి నల్లమందు జాతి మందులు మెదడులో ఊపిరి ఆడించే కేంద్రాన్ని నెమ్మది చేస్తాయి. ఊపిరి మందగించి, మందగించి ఆగిపోతుంది. కోసి చూస్తే ఊపిరితిత్తులు బరువెక్కి ఉంటాయి, నొక్కితే నురగ నీళ్లు వస్తాయి. ఒక్కోసారి ముక్కు దగ్గరే తెల్లటి నురగ కనిపిస్తుంది. మెదడు ఉబ్బి ఉంటుంది. మూత్రాశయం నిండి ఉంటుంది, ఎందుకంటే మనిషి వెంటనే పోలేదు, స్పృహ లేకుండా గంటలకొద్దీ పడి ఉన్నాడు. అయితే గుండె విఫలమైనా ఊపిరితిత్తులు ఇలాగే ఉంటాయి, నీళ్లలో మునిగినా నురగ వస్తుంది. కంటిపాప చిన్నదైపోయిందా అని విద్యార్థులు అడిగేవారు. బతికున్నప్పుడు అది మంచి గుర్తు. చనిపోయాక పాప మారిపోతుంది, దాన్ని నమ్ముకుని రాయకూడదు.

అందుకే "అభిప్రాయం నిలిపి ఉంచడమైనది" అనే వాక్యం. అది తప్పించుకోవడం కాదు. చూడకుండా "డ్రగ్ ఓవర్‌డోస్" అని రాసిన డాక్టరుకంటే ఆ వాక్యం రాసిన డాక్టరే నయం.

ఇంకొకటి. మత్తు అనగానే మిగతా శరీరాన్ని వదిలేయకూడదు. తల, ఛాతీ, కడుపు మూడూ తెరవాలి. తాగి పడినవాడికి తల లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, పైకి చిన్న బొప్పి కూడా ఉండదు. గుండె రక్తనాళాలు కోసి చూస్తే ఇరవై నాలుగేళ్లకే పూడుకుపోయినవీ ఉంటాయి. మీ అత్తగారి మాటను కూడా పరీక్షించి గానీ తోసిపుచ్చకూడదు.

మూడు_పట్టీలు, కర్నూలు జిల్లా

ప్రొఫెసర్ సార్‌కు నమస్కారం. నేను హెడ్ కానిస్టేబుల్‌గా చేసి దిగిపోయినాను. ఆలస్యం ఎందుకో నేను చెప్తా.

పోస్టుమార్టం అయినాక డాక్టరు సీసాలు ఇస్తారు. ఒకదాంట్లో కడుపు, పేగు ముక్క. ఇంకోదాంట్లో లివరు, కిడ్నీ. రక్తానిది వేరే చిన్న సీసా. ఉప్పునీళ్లది ఒకటి. సీసా మూతి మీద తెల్లగుడ్డ కట్టి, దారం ముడి మీద లక్క కరిగించి సీలు వేస్తారు. అదే సీలు వేరే కాగితం మీద కూడా కొట్టి ఇస్తారు, ల్యాబులో సరిపోల్చుకునేదానికి. ఆ పెట్టె స్టేషనుకు వస్తుంది. ఎస్సై లెటరు తయారు కావాల, పై ఆఫీసు సంతకం కావాల, తీసుకుపోయే కానిస్టేబుల్‌కి బందోబస్తు డ్యూటీ పడకుండా ఉండాల. జాతరలు, ఎన్నికలు, మంత్రుల పర్యటనలు వచ్చినాయంటే పెట్టె బీరువాలోనే ఉంటుంది.

నేను ఆర్టీసీ బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకుని తీసుకుపోయినవాణ్నే. కండక్టరు లగేజీ టికెట్ అడుగుతాడు. "పోలీసు సామాను" అంటే నాటుసారా అనుకుని నవ్వుతాడు. లోపల ఏముందో చెప్తే బస్సంతా దిగిపోతుంది గదా. తీరా ల్యాబు కిటికీ దగ్గరికి పోతే, లక్క వేడికి మెత్తబడి సీలు ముద్ర చెరిగిందని వెనక్కి పంపినారు ఒకసారి. ఎండాకాలం మన బస్సులో లక్క కరగకుంటే యాడ కరుగుతుంది!

హంద్రి_ఒడ్డు

సార్, అన్నా, ఇద్దరికీ థ్యాంక్స్. ఉప్పునీళ్లు దేనికి? అది విని మా మామ నమ్మలేదు, ఊరగాయా అన్నాడు.

పాత_ప్రొఫెసర్

మీ మామ అన్నదాంట్లో తప్పేం లేదు, పని అదే. మామూలు ఉప్పే, ఇక కరగనంతగా కలిపిన నీళ్లు. కుళ్లకుండా ఉంచుతుంది. పరీక్షకు అడ్డం రాదు, ఏ ఆసుపత్రిలోనైనా దొరుకుతుంది. కడుపు మొత్తం, అందులో ఉన్నదంతా. చిన్నపేగు మొదటి భాగం ఒక 30 సెంటీమీటర్లు. లివరు పెద్ద ముక్క, రెండు కిడ్నీల్లోనూ చెరి సగం. సీసా మూడింట రెండు వంతులే నింపాలి, గ్యాసు పుట్టి పగలకుండా. ఖాళీ ఉప్పునీళ్ల సీసా ఎందుకంటే, ఆ నీళ్లలోనే ఏమైనా కలిసి ఉందా అనే ప్రశ్న కోర్టులో రాకుండా.

రక్తానికి ఉప్పు కాదు, సోడియం ఫ్లోరైడ్, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల లెక్కన. అది లేకపోతే సీసాలోనే సూక్ష్మజీవులు ఆల్కహాల్ తయారు చేస్తాయి, లేదా ఉన్నదాన్ని తినేస్తాయి. ఫార్మలిన్‌లో వేశారా, ఆ ముక్క మైక్రోస్కోపు కింద చూడడానికి పనికొస్తుంది గానీ విషం పరీక్షకు పోయినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. రక్తం ఎక్కడి నుంచి తీశారన్నది చాలామంది పట్టించుకోరు. చనిపోయాక కడుపులోంచి, లివరులోంచి, ఊపిరితిత్తుల్లోంచి మందు మెల్లగా గుండెలోని రక్తంలోకి ఊరుతుంది. గుండె రక్తం తీసి కొలిస్తే మామూలు మోతాదు మింగినవాడు కూడా గుప్పెడు మింగినట్టు కనిపించవచ్చు. అందుకే తొడ దగ్గరి సిర నుంచి తీయమంటాం. సీసా మీద "రక్తం" అని రాసి ఊరుకుంటే సగం సమాచారమే, "తొడ సిర రక్తం" అని రాయాలి. నేను పరీక్షల్లో ఈ ప్రశ్న అడిగితే సగం మంది గుండె అనే రాసేవారు.

పరీక్షనాళిక, అనంతపురం

ప్రొఫెసర్ గారు మావైపు కథ చెప్పలేదు, నేను చెప్తాను. ఫోరెన్సిక్ ల్యాబులో టాక్సికాలజీ, అంటే విషాల పరీక్ష విభాగంలో పనిచేసి బయటికొచ్చాను.

మా దగ్గరికి వచ్చే పార్సిళ్లలో ఎక్కువ భాగం పురుగుల మందువే. మన సీమ సంగతి తెలిసిందే కదా, మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ఆ తర్వాత తలకు వేసుకునే రంగు, గన్నేరు పప్పు. వాటికి అలవాటైన పద్ధతి ఒకటి ఉంటుంది. ముక్కను మెత్తగా నూరి, ప్రోటీన్లు తీసేసి, ఒకసారి ఆమ్లంలో, ఒకసారి క్షారంలో పెట్టి ద్రావకంలోకి లాగుతాం. ఈ దారి వేసింది బెల్జియంలో స్టాస్ అనే ఆయన, 1850లో, ఒక ప్రభువు తన బావమరిదిని నికోటిన్‌తో చంపిన కేసులో. దాన్ని ఒట్టో అనే ఆయన మెరుగుపరిచాడు. ఇప్పటికీ ఆ రెండు పేర్లతోనే పిలుస్తాం. తర్వాత గాజు పలక మీద చుక్క పెట్టి పైకి పాకనిచ్చి, మీద రసాయనం చల్లుతాం. డ్రాగెన్‌డార్ఫ్ చల్లితే ఆల్కలాయిడ్ ఉన్నచోట నారింజ రంగు వస్తుంది. నల్లమందు జాతికి మార్క్విస్ వేస్తే ఊదా రంగు. ఆ తర్వాతే పెద్ద మిషన్లు, జీసీ-ఎంఎస్, ఎల్‌సీ-ఎంఎస్.

ఇక్కడే చిక్కు. నిద్రకు, ఆందోళనకు ఇచ్చే ఆల్ప్రజోలం మిల్లీగ్రాముల్లో పనిచేసే మందు. అది శరీరమంతా పంచుకున్నాక లివరు ముక్కలో మిగిలేది ఎంత? గాజు పలక మీద చుక్క కనిపించకపోవచ్చు. బ్యూప్రెనార్ఫిన్ ఇంజెక్షన్ ఇంకా తక్కువ. పైగా నల్లమందు కోసం చేసే మామూలు స్ట్రిప్ పరీక్ష ట్రమడాల్‌ని పట్టదు, బ్యూప్రెనార్ఫిన్‌ని పట్టదు, ఫెంటనిల్‌ని పట్టదు. ప్రతిదానికి దాని పరీక్ష వేరే. ఎవరో ఒకరు "ఇది ఉండొచ్చు, చూడండి" అని చెప్పాలి. కానీ మాకొచ్చే లెటర్లలో ఏముంటుందో తెలుసా? "విషం ఉన్నదీ లేనిదీ తెలియజేయగలరు." అంతే! సముద్రంలో వల వేసి ఏ చేపో చెప్పకుండా పట్టుకురమ్మన్నట్టు.

డాక్టర్లు రక్తం తీసి పంపకుండా కడుపు, లివరు మాత్రం పంపితే తప్పు ల్యాబుదా?

పాత_ప్రొఫెసర్

నాళిక గారూ, అంగీకరిస్తాను. కానీ మీ రిపోర్టు కూడా "ఆల్ప్రజోలం కనుగొనబడినది" అని ఒక ముక్కతో వస్తుంది. ఎంత ఉందో అంకె ఉండదు. నిద్ర పట్టక డాక్టరు రాసిస్తే వేసుకున్నదా, ప్రాణం తీసేంత ఉన్నదా? ఫైనల్ ఒపీనియన్ రాయాల్సిన డాక్టరు దాన్ని పట్టుకుని ఏం చేయాలి? అంకె లేని రిపోర్టు మీద నేను రాసిన ఒపీనియన్లన్నీ కొంత నేల విడిచినవే అని కోర్టులో డిఫెన్సు లాయరు ముఖం మీదే అనేవాడు. ఆయన అన్నది నిజం.

పరీక్షనాళిక

అంకె ఇవ్వాలంటే రక్తం కావాలి సార్. ఉప్పులో ఊరిన లివరుతో అంకె ఇస్తే మీరే ఒప్పుకోరు 🙂

నిజం_నిప్పు

సరే, మాత్రల సంగతి వదిలేయండి. గంజాయి దొరికితే? మా దగ్గర ఒకడు పోతే మూత్రంలో గంజాయి వచ్చింది. గంజాయితో చచ్చాడని ఊరంతా తేల్చేసింది. అదైనా కరెక్టే కదా?

పరీక్షనాళిక

కాదు. గంజాయి ఆనవాలు రోజూ తాగేవాడి మూత్రంలో మానేసిన తర్వాత వారాల తరబడి ఉంటుంది. ఆ మనిషి పోయిన రాత్రి తాగాడని కూడా అది చెప్పదు, దానితో పోయాడన్నది ఇంకా దూరం. ఒంట్లో దొరకడం ఒకటి, ప్రాణం తీయడం ఇంకొకటి. నా ఉద్యోగమంతా ఈ ఒక్క మాట స్టేషన్ల నుంచి వచ్చినవాళ్లకు చెప్పడంతోనే సరిపోయింది.

టవర్‌క్లాక్_ఫార్మసిస్టు, అనంతపురం

నాదో మాట. షీట్లు పారేయకండి! ప్రతి షీటు మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. ఆల్ప్రజోలం, ట్రమడాల్, డయాజిపాం, జోల్పిడెం, ఇవన్నీ షెడ్యూల్ హెచ్1, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా. 2013లో నోటిఫై చేసి 2014 మార్చి నుంచి అమల్లో పెట్టారు. అమ్మిన షాపువాడు రాసిచ్చిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చాడు అన్నీ వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ట్రమడాల్‌ని 2018లో మత్తుమందుల చట్టం కిందికి కూడా తెచ్చారు. బ్యాచ్ పట్టుకుని పోతే ఏ డిస్ట్రిబ్యూటరు, ఏ షాపు అన్నది డ్రగ్ ఇన్‌స్పెక్టరు తీయగలడు.

చీటీ లేకుండా షీటు షీటే కట్టిచ్చే షాపులు లేవని నేను అనను. ఎక్కడ ఉన్నాయో కుర్రాళ్లకు మాకంటే బాగా తెలుసు. కౌంటరు దగ్గర రెండు మాటల్లో కనిపెట్టొచ్చు. నొప్పి ఉన్నవాడు "నొప్పి" అంటాడు, వీళ్లు మిల్లీగ్రాములతో సహా అడుగుతారు.

కడప_నల్లకోటు

చట్టం సంగతి నేను చెప్తా, క్లుప్తంగా.

మీది భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 194 కింద కట్టిన కేసు. 2024 జూలై 1కి ముందు ఇదే సీఆర్‌పీసీ 174. ఎవరో నేరం చేశారని కాదు, చావు ఎలా జరిగిందో తేల్చడానికి. విచారణలో ఎవరో బలవంతంగా ఎక్కించారనో, అక్రమంగా అమ్మారనో తేలితే సెక్షన్లు మారుతాయి. పోస్టుమార్టం రిపోర్టు, రసాయన నివేదిక, ఫైనల్ ఒపీనియన్ కాపీల కోసం తండ్రి పేరుతో ఎస్సైకి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. విసెరా ల్యాబుకు ఏ తేదీన పంపారు, ల్యాబు ఇచ్చిన నంబరు ఏమిటి అని అందులోనే అడగండి. చాలాసార్లు పెట్టె ఇంకా బయల్దేరలేదన్న సంగతి అప్పుడే బయటపడుతుంది. మూడు పట్టీల అన్న చెప్పింది అక్షరాలా నిజం.

2014లో జోషిందర్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం మీదే గట్టిగా చెప్పింది. విషం అనుమానం ఉన్న చావుల్లో విసెరా ల్యాబుకు పంపాలి, రిపోర్టు తెప్పించి కోర్టు ముందు పెట్టాలి, పెట్టకపోతే కోర్టే అడగాలి అని. అర్జీలో ఆ కేసు పేరు రాయండి, కొంచెం కదలిక వస్తుంది.

ఏమీ దొరకలేదని వస్తే ఏమిటని అడిగారు. 1988లో భూపిందర్ సింగ్ వర్సెస్ పంజాబ్ కేసు చూడండి. విసెరాలో విషం దొరకనంత మాత్రాన విషంతో చావలేదని అనడానికి వీల్లేదని తేల్చారు. వాంతుల్లో పోవచ్చు, ఒళ్లే దాన్ని విడగొట్టేయవచ్చు, కుళ్లిపోవచ్చు. మిగతా సాక్ష్యంతో కలిపి చూడాలి.

బీమా మాటకొస్తే, పాలసీ కాగితంలో మినహాయింపుల పేజీ చదవండి. మామూలు జీవిత బీమా వేరు, యాక్సిడెంట్ పాలసీ వేరు. యాక్సిడెంట్ పాలసీల్లో మత్తులో జరిగినదానికి ఇవ్వమనే షరతు చాలావాటిలో ఉంటుంది, వాళ్లు ఫైనల్ ఒపీనియన్ కోసమే కాచుకుని ఉంటారు.

మూడు_పట్టీలు

లాయరు సార్ చెప్పినదానికి ముందు జరిగేది నేను చెప్తా, అసలు దెబ్బ అక్కడే పడుతుంది.

శవ పంచాయతీ (పంచనామా) రాసేటప్పుడు ఇంటివాళ్లను అడుగుతాం, ఏమైంది, ఏమైనా అలవాటు ఉందా అని. అమ్మ ఏడుస్తా ఉంటుంది. పెద్దమనుషులు నలుగురు పక్కకు పిలిచి "చెల్లెలి పెళ్లి ఉంది సార్, కడుపునొప్పి తాళలేక అని రాయండి" అంటారు. ఈ కడుపునొప్పితో మన జిల్లాలో చచ్చినంతమంది ఏ జబ్బుతోనూ చచ్చి ఉండరు. పంచాయతీదారులు సంతకం పెడతారు. ఆ కాగితమే డాక్టరు దగ్గరికి పోతుంది, అది చూసే డాక్టరు ల్యాబుకు రాస్తాడు. ఇంక ట్రమడాల్ పరీక్ష ఎవరు చేస్తారు? నాళిక సార్ అడిగిన "ఏ చేప" అన్నది చెప్పాల్సినవాళ్లు ఇంట్లో ఉన్నారు, వాళ్లే నోరు కట్టుకుంటారు.

గదిలో సిరంజి ఉంటే ముందే తీసి దాచేస్తారు. మేం పోయేసరికి గది కడిగి ముగ్గు కూడా వేసి ఉంటుంది.

పాత_ప్రొఫెసర్

సిరంజి దాచినా ఒళ్లు కొంత దాచదు. మోచేతి మడతలోనే చూడకూడదు. కాలివేళ్ల మధ్య, చీలమండ, తొడ గజ్జ, పచ్చబొట్టు కింద, అన్నీ చూడాలి. సూది గుచ్చిన చోట చర్మం కింద కోస్తే కొత్తదో పాతదో తెలుస్తుంది. మాత్రలు పొడి చేసి నీళ్లలో కలిపి ఎక్కించుకునేవాళ్లు ఉంటారు. మాత్రలో మందు కొంచెం, మిగతాదంతా పిండి, టాల్క్ లాంటి పూరకం. ఆ టాల్క్ ఊపిరితిత్తుల సన్న రక్తనాళాల్లో ఇరుక్కుని చుట్టూ చిన్న గడ్డలు కడుతుంది. ఆ ముక్కను మైక్రోస్కోపు కింద మామూలు వెలుగులో చూస్తే పెద్దగా ఏమీ ఉండదు. పోలరైజ్డ్ వెలుగు పెట్టి తిప్పితే కణాలు తళుక్కుమని మెరుస్తాయి. మొదటిసారి చూసిన పీజీ విద్యార్థి ఎవరైనా కుర్చీలోంచి లేస్తాడు. ఇంట్లో ఎవరూ చెప్పకపోయినా, అలవాటు ఎన్నాళ్లదో ఆ ముక్క చెప్తుంది.

రెండో_ఇన్నింగ్స్, కడప

ఈ దారంలో రాయాలా వద్దా అని ఆలోచించాను. నేను ఆ మాత్రలు వాడి బయటపడ్డవాణ్ని. మా గ్యాంగులో ఒకడు పోయాడు. పోయిన రాత్రి వాడు గట్టిగా గురక పెడుతున్నాడు. "మస్తుగా నిద్రపోతున్నాడు" అని అందరం నవ్వుకున్నాం. అది నిద్ర కాదని, ఊపిరి గొంతులో ఇరుక్కుంటున్న శబ్దమని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. లేపినా లేవకుండా అట్లా గురక పెడుతుంటే, పెదాలు నీలంగా మారితే, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. నల్లమందు జాతికి నాలోక్సోన్ అనే విరుగుడు ఉంది, ఆసుపత్రికి బతికుండగా చేరితే పనిచేస్తుంది. ఫోన్ చేస్తే కేసు పెడతారని భయపడతారు. నేనైతే మా కుర్రాళ్లకు ఒకటే చెప్తాను, కేసుకు లాయరు ఉంటాడు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. కొన్నాళ్లు మానేసి మళ్లీ మొదలుపెట్టినప్పుడే ఎక్కువమంది పోతారు. మత్తు మాన్పించే సెంటరు నుంచి వచ్చాక, జైలు నుంచి వచ్చాక, ఊర్లో అమ్మానాన్నల దగ్గర నెల ఉండి వచ్చాక. చెయ్యి పాత లెక్కకే పోతుంది, ఒళ్లు ఆ లెక్క మరిచిపోయి ఉంటుంది. హంద్రి అన్నా, మీ వాడు పోయే ముందు ఊరికి వచ్చి ఉన్నాడా?

హంద్రి_ఒడ్డు

వచ్చాడు తమ్ముడూ. ఉగాదికి వచ్చి చాలా రోజులు ఉన్నాడు. చిక్కిపోయాడని అత్త రోజూ రాగిసంగటి, నాటుకోడి పెట్టింది. బాగా తేరుకున్నాడనే పంపించారు.

పాత_ప్రొఫెసర్

ఈ సంగతి డాక్టరుకు చెప్పారా? చెప్పకపోతే రాసి ఇవ్వండి. ఒకే మోతాదు ఒకడికి అలవాటు, ఇంకొకడికి చావు. రక్తంలో అంకె ఎంత ఉన్నా, ఆ మనిషి ఒళ్లు ఆ వారం ఏ స్థితిలో ఉందో తెలియకుండా ఒపీనియన్ రాయలేం. రెండో ఇన్నింగ్స్ బాబు చెప్పింది మేం పాఠంలో చెప్పేదానికంటే సూటిగా ఉంది.

మరొకటి, ఆ గదిలో మద్యం సీసా ఉందా? ఆల్ప్రజోలం ఒంటరిగా ప్రాణం తీయడం అరుదు. ఆల్కహాల్‌తోనో ట్రమడాల్‌తోనో కలిస్తే మూడూ ఒకే చోట దెబ్బ కొడతాయి, ఊపిరి మీద. ఒక్కోటి విడివిడిగా చూస్తే "మామూలు మోతాదే" అనిపిస్తుంది.

అయితే జాగ్రత్త. కర్నూలు ఎండల్లో మూసిన గదిలో ఒకరోజు పైన ఉన్న శరీరంలో ఆల్కహాల్ దానంతటదే పుడుతుంది. రిపోర్టులో ఆల్కహాల్ వచ్చిందని తాగాడనుకోవద్దు. కంటి లోపలి ద్రవం తీసి ఉంటే అది త్వరగా చెడదు, దానితో పోల్చి చెప్పవచ్చు.

నిజం_నిప్పు

ఇంత ఉందా దీంట్లో... సరే సార్, చదువుతున్నా.

కువైట్_కడపోడు

మా బాధ వేరే. ఇక్కడ గల్ఫులో పోయినవాళ్ల శవాలు కడపకు పంపేటప్పుడు మందు ఎక్కించి పంపుతారు. ఇంటికి చేరాక అనుమానం వచ్చి మళ్లీ పోస్టుమార్టం చేయిస్తే ఏమైనా తెలుస్తుందా? మన సంఘం తరఫున శవాలు పంపించే పనిలో ఉన్నాం, ప్రతిసారీ ఇంటివాళ్లు ఇదే అడుగుతున్నారు.

పరీక్షనాళిక

ఎక్కించేది ఫార్మలిన్ కలిసిన ద్రావణం. రక్తాన్ని తోసేసి నాళాల్లోకి అది చేరుతుంది. ఆల్కహాల్, సైనైడ్ లాంటివాటి మీద ఇక ఆశ వదులుకోవాల్సిందే. కొన్ని మందులు ఫార్మలిన్‌తో కలిసి మారిపోతాయి, కొన్ని మిగులుతాయి. కడుపులో మిగిలిన ఆహారం, వెంట్రుకలు, గోళ్లు పరీక్షకు పనికొస్తాయి. గాయాలు, ఎముకలు విరగడం మాత్రం స్పష్టంగానే కనిపిస్తాయి. కాబట్టి అనుమానం ఉంటే మందు ఎక్కించక ముందే అక్కడే రక్తం, మూత్రం తీయమని రాయబారి కార్యాలయం ద్వారా అడిగించండి. అక్కడి పోస్టుమార్టం రిపోర్టు కాపీ శవంతో పాటు రావాలని పట్టుబట్టండి.

నిర్వాహకులు

ఈ దారంలో రెండు వ్యాఖ్యలు తొలగించాం. ఎన్ని మాత్రలు, ఏది దేనితో అనే ప్రశ్నలకు ఇక్కడ చోటు లేదు. మానాలనుకునేవారికి కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446. మన రాష్ట్రంలో మత్తుమందుల అమ్మకం గురించి చెప్పాలంటే ఈగిల్ విభాగం నంబరు 1972.

కడప_నల్లకోటు

చికిత్సకు తనంతట తానే వచ్చిన వాడుకదారుకు చిన్న మొత్తాల కేసుల్లో మత్తుమందుల చట్టం సెక్షన్ 64ఏ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. కేసు భయంతో పిల్లల్ని ఇంట్లో దాచే తల్లిదండ్రులకు ఇది చెప్పండి.

హంద్రి_ఒడ్డు

అప్‌డేట్. మామను ఒప్పించి స్టేషనుకు వెళ్లాం. పెట్టె ల్యాబుకు చేరిందట, నంబరు ఇచ్చారు. వాడు ఉగాదికి వచ్చి ఉన్న సంగతి, ముందు ఏ మాత్రలు వాడేవాడో స్నేహితుడు చెప్పింది, షీట్ల మీద పేర్లు, అన్నీ కాగితం మీద రాసి ఇచ్చాం. ఎస్సై ల్యాబుకు అదనంగా లెటరు పంపుతానన్నాడు. అత్త సంతకం పెట్టనంది, మామ పెట్టాడు. ఒక్క సందేహం. పంచాయతీలో అలవాట్లు లేవని చెప్పి, ఇప్పుడు ఉన్నాయని రాసిస్తే మామ మీద ఏమైనా వస్తుందా?

కడప_నల్లకోటు

రాదు. కొడుకు పోయిన పూట తండ్రి ఏం చెప్పాడో ఎవరూ పట్టుకోరు. తెలిసినప్పుడు తెలిసింది చెప్పానని రాస్తే చాలు. ఆ అర్జీ ఒక కాపీ పోస్టుమార్టం చేసిన డాక్టరుకు కూడా చేర్చమని ఎస్సైని అడగండి, ఫైనల్ ఒపీనియన్ రాసేది ఆయనే.

పరీక్షనాళిక

ల్యాబు నంబరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఎస్సై లెటరులో "విషం" అని కాకుండా మందుల పేర్లు విడివిడిగా రాయించండి. రక్తం సీసా పంపారో లేదో అడగండి. పంపి ఉంటే మోతాదు కొలవమని కూడా ఆ లెటరులోనే కోరమనండి. పరీక్ష అయిపోయాక అడిగితే మిగిలిన ముక్క సరిపోకపోవచ్చు.

మూడు_పట్టీలు

లెటరు పోయిందా లేదా అని వారం తర్వాత రైటరును అడుగు అబ్బీ, ఎస్సైని కాదు. స్టేషనులో కాగితం యాడుందో తెలిసేది రైటరుకే.